వీళ్ళకేముంది చరిత్ర, రెండొందల యాభయ్యేళ్ళేగా!

సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీలో అమెరికా చరిత్ర క్లాసులో చేరానని చెప్తే మిత్రులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "దేనికి?" క్లౌడ్ సర్టిఫికేషన్ అనో, మెషిన్ లెర్నింగ్ అనో చెప్పుంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఎంబీఏ అంటే "ఎక్కడ, ఎంతవుతుంది?" అనేవాళ్ళు. చరిత్ర అనేసరికి కాస్త జాలిగా చూశారు. ఒకాయన "సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూకి అంత సీనక్కర్లేదు గురూ, యాప్ దింపుకుని పదిరోజులు బట్టీ కొడితే చాలు" అని ఉచిత సలహా పడేశాడు. ఇంకొకాయన ఏకంగా తేల్చేశాడు: "వీళ్ళకేముంది చరిత్ర, రెండొందల యాభయ్యేళ్ళేగా! మా ఊరి గుడికే వెయ్యేళ్ళు."

గుడికి వెయ్యేళ్ళన్న మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ గుళ్ళోకి ఎవరు రావచ్చో, ఎవరు బయటే నిలబడాలో ఏ రోజున ఎవరు కూర్చుని నిర్ణయించారో ఆయన చెప్పలేడు. నేనూ చెప్పలేను. ఇక్కడ మాత్రం అలాంటి పని చేసినవాళ్ళు సంవత్సరం వేసి, చట్టంగా రాసి, భద్రంగా దాచిపెట్టి మరీ పోయారు. "దేనికి?" అన్నదానికి నా జవాబు అదే. కాస్త వివరంగా చెప్తాను.

ముందు క్లాసు సంగతి. మంగళ, గురువారాలు రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా. మొదలు నుంచి 1877 వరకు ఒక సెమిస్టర్, అక్కణ్ణుంచి ఇప్పటిదాకా ఇంకో సెమిస్టర్. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలని సరిచేసే ప్రయత్నం ఆగిపోయిన సంవత్సరం 1877, అందుకే అక్కడ గీత గీస్తారు. క్లాసులో పాతికమందిమి. పద్దెనిమిదేళ్ళ పిల్లలు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడొకడు, రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు యూనిఫాంలోనే వచ్చే నల్లజాతి నర్సమ్మ ఒకావిడ, నేను. ఎం.పి.సి.లో చేరినవాడికి పదో తరగతి సోషల్ పరీక్షతోనే చరిత్రకి మంగళం పాడెయ్యడం మన ఆనవాయితీ కదా. అశోకుడు చెట్లు నాటించెను, బావులు తవ్వించెను, ఐదు మార్కులు. ఇక్కడ అలా కాదు. పాత కాగితం ఒకటి చేతికిచ్చి "ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, రాయాల్సిన అవసరం ఏమొచ్చింది?" అని అడుగుతారు. ప్రొడక్షన్‌లో ఏదో పగిలినప్పుడు మనం పాత చెక్‌ఇన్‌లు తవ్వుకుంటూ "ఈ లైను ఎవడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు?" అని వెతుకుతామే, అచ్చం అదే పని. మనకి అలవాటైన విద్యే.

ఇంతకీ ఆ కాగితాల్లో ఏముందంటే..

1607లో ఇంగ్లీషువాళ్ళు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ అనే చోట దిగారు. బంగారం కోసం వచ్చారు, దొరకలేదు. 1609 చలికాలంలో తిండిలేక కుక్కల్నీ ఎలుకల్నీ తిన్నారు. కొన్ని వందలమందిలో ఆ చలికాలం దాటి బతికింది ఓ అరవైమంది. తర్వాత పొగాకు పండించడం పట్టుబడింది. పొగాక్కి కావలసింది రెండు: భూమి, కూలీలు. భూమి అక్కడి ఆదివాసుల దగ్గర లాక్కున్నారు. కూలీల కోసం 1618లో ఒక స్కీం పెట్టారు. ఓడ ఖర్చు పెట్టి ఒక మనిషిని తీసుకొస్తే తెచ్చినవాడికి యాభై ఎకరాలు. వచ్చినవాడు నాలుగు నుంచి ఏడేళ్ళు చాకిరీ చేస్తానని కాగితం రాసిచ్చేవాడు. గడువు తీరితే స్వేచ్ఛ. బాండు రాసిచ్చి ఆన్‌సైట్ వచ్చినవాళ్ళకి ఈ ఏర్పాటు అర్థమవడం పెద్ద కష్టం కాదు. కాకపోతే మనల్ని కొరడాతో కొట్టలేదు, గడువులోపే సగంమంది చచ్చిపోలేదు.

అన్నట్టు 1635 నాటి భూమి రికార్డుల్లో, అలా తెచ్చిన మనుషుల జాబితాలో "టోనీ, ఈస్టిండియన్" అని ఒక పేరుంది. అసలు పేరేమిటో, ఏ భాష మాట్లాడేవాడో ఏమీ లేదు. యాభై ఎకరాల లెక్కలో ఒక వరస, అంతే. 2023లో బృందా చారి అనే రచయిత్రి ఈ ఒక్క వరస పట్టుకుని "ది ఈస్ట్ ఇండియన్" అని నవల రాశారు.

1619 ఆగస్టులో "వైట్ లయన్" అనే ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని తెచ్చి అక్కడ అమ్మింది. మనం సినిమాల్లో చూసిన బానిసత్వం ఆ రోజు నుంచే పూర్తిగా తయారై ఉందనుకుంటాం. కాగితాల్లో అలా కనిపించదు. 1621లో వచ్చిన ఆంటోనియో అనే ఆఫ్రికన్ స్వేచ్ఛ సంపాదించి, ఆంథొనీ జాన్సన్‌గా పేరు మార్చుకుని, పెళ్ళి చేసుకుని, 1651కల్లా 250 ఎకరాల ఆసామి అయ్యాడు. కోర్టుకెళ్ళాడు, దావా వేసి గెలిచాడు. ఆయన దగ్గరా ఒక బానిస ఉన్నాడు. "చూశారా, అమెరికాలో మొదటి బానిస యజమాని నల్లవాడే" అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డు ఈయన గురించే. ఆ ఫార్వర్డులో లేని రెండో సగం ఏమిటంటే, ఆయన పోయిన 1670లోనే వర్జీనియా జ్యూరీ ఒకటి "అతను నల్లవాడు, కాబట్టి పరాయివాడు, కాబట్టి అతని భూమి రాజుగారిది" అని తీర్పిచ్చింది. 1651లో అడ్డురాని రంగు 1670కి అడ్డొచ్చింది. మరి ఈ పందొమ్మిదేళ్ళలో ఏం జరిగింది?

దానికే మా మేడం ఒకరోజు ఏడు చీటీలు తెచ్చారు. వర్జీనియా తీర్పులు, చట్టాలు, సంవత్సరాలు తీసేసి. నలుగురేసి కూర్చుని వరసలో పెట్టండి, ఏది ముందో ఏది వెనకో ఎందుకనుకుంటున్నారో చెప్పండి అన్నారు. ఓ అరగంట కొట్టుకున్నాం. అసలు వరస ఇదీ:

1640: ముగ్గురు పనివాళ్ళు యజమాని దగ్గర్నించి పారిపోయి దొరికారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండువాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. నేరం ఒకటే. మొదటి ఇద్దరికీ నాలుగేళ్ళు అదనపు చాకిరీ, పంచ్‌కి మాత్రం బతికున్నంతకాలం.

1662: పుట్టిన బిడ్డ బానిసా కాదా అన్నది తల్లిని బట్టి. ఇంగ్లీషు చట్టం ప్రకారం తండ్రిని బట్టి ఉండాలి. ఎందుకు తిరగేశారు? 1656లో ఎలిజబెత్ కీ అనే ఆవిడ, తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు, "నా తండ్రి స్వతంత్రుడు, నేను క్రైస్తవురాలిని" అని వాదించి కోర్టులో స్వేచ్ఛ గెలుచుకుంది. ఆ దారి మూసేశారు. యజమాని తన బానిస స్త్రీతో పిల్లల్ని కంటే ఇక ఆ పిల్లలూ అతని ఆస్తే.

1667: బాప్తిస్మం తీసుకున్నా బానిసత్వం పోదు. ఎలిజబెత్ కీ వాదనలో రెండో ముక్కకీ తలుపు పడింది.

1669: శిక్షించేటప్పుడు బానిస చచ్చిపోతే యజమానిది నేరం కాదు. తన ఆస్తిని తనే పాడుచేసుకోవాలని ఎవరనుకుంటారని చట్టంలోనే తర్కం.

1680: నల్లవాళ్ళు ఆయుధం పట్టకూడదు, క్రైస్తవుడి మీద చెయ్యెత్తితే ముప్ఫై కొరడా దెబ్బలు.

1691: తెల్లవాళ్ళు నల్లవాళ్ళనీ ఆదివాసుల్నీ పెళ్ళిచేసుకుంటే మూడు నెలల్లో వర్జీనియా నుంచి బహిష్కరణ. వర్జీనియా చట్టాల్లో "తెల్లవాడు" అన్న మాట మొదటిసారి కనిపించేది ఇందులోనే అట. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు, క్రైస్తవులు అని రాసుకునేవాళ్ళు.

1705: ఇవన్నీ కలిపి, కొత్తవి చేర్చి ఒకే కోడ్. బానిసలు ఇక స్థిరాస్తి కింద లెక్క. అదే ఏడాది చట్టాల్లో, గడువు తీరిన తెల్ల పనివాడికి పది బుషెళ్ళ మొక్కజొన్న, ముప్ఫై షిల్లింగులు, ఒక తుపాకీ ఇచ్చి పంపాలని రాశారు.

1640 నుంచి 1705. అరవై అయిదేళ్ళు. ఒక మనిషి జీవితకాలం. చిన్నప్పుడు రంగుతో పెద్దగా పనిలేని ఊరు చూసినవాడు ముసలివాడయ్యేసరికి, "ఇది దేవుడు పెట్టిన తేడా, ఎప్పట్నించో ఉన్నదే" అనే మనవళ్ళ మధ్య కూర్చున్నాడు.

మధ్యలో 1676లో బేకన్ తిరుగుబాటు ఉంది. గవర్నరు మీద అలిగిన నథానియెల్ బేకన్ అనే భూస్వామి లేపిన గొడవ. ఆయనేం మహాత్ముడు కాదు, ఆదివాసుల మీద దాడికి గవర్నరు ఒప్పుకోలేదనే కోపం. కానీ ఆయన వెనక తెల్ల పనివాళ్ళు, నల్ల బానిసలు కలిసి నడిచారు, జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. చివరికి లొంగిపోమంటే ఒప్పుకోని గుంపులో ఎనభై మంది నల్లవాళ్ళు, ఇరవై మంది తెల్లవాళ్ళు ఉన్నారు. ఈ ఇద్దరూ ఇంకోసారి కలవకుండా ఉండాలంటే తెల్ల పేదవాడికి కాస్త పెద్దపీట వెయ్యాలి, కనీసం వేసినట్టు అనిపించాలి. ఎడ్మండ్ మోర్గన్ అనే చరిత్రకారుడు 1975లో రాసిన పుస్తకంలో వాదన స్థూలంగా ఇదే. అందరూ ఒప్పుకోరు. ఇంగ్లండులో కూలిరేట్లు పెరిగి అక్కణ్ణుంచి వచ్చే పనివాళ్ళు తగ్గారని, అందుకే ఆఫ్రికన్లని కొనడం పెరిగిందని ఇంకో లెక్క. నాకైతే రెండూ కలిపి చదివితేనే అర్థమయింది. అవసరం ఆర్థికమైనది, దాన్ని తరతరాలకీ నిలబెట్టిన పని చట్టానిది.

వరస సరిచూసుకున్నాక మేడం ఇంకో ప్రశ్న వేశారు. "వీటిలో ఏ ఒక్క చీటీ తీసేస్తే మొత్తం కూలిపోతుంది?" సైన్యం నుంచి వచ్చినతను ఆయుధాల చట్టం అన్నాడు. నర్సమ్మ గారు 1662 చీటీ తీసి పక్కన పెట్టారు. "ఇది లేకపోతే అదంతా ఆ తరంతోనే పోయేది" అన్నారు. తర్వాత మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.. వాళ్ళ వంశం వెతుక్కుంటూ పోతే 1870 దగ్గర గోడ తగులుతుందిట. బానిసలుగా ఉన్నవాళ్ళ పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. అంతకుముందు 1850, 1860 లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, ఆడామగా, రంగు. మనిషి పేరు ఉండదు. ఆవిడ నెలల తరబడి అలాంటి జాబితాలు చూసి, వయసుని బట్టి "ఈ పన్నెండేళ్ళ పిల్ల మా ముత్తవ్వ తల్లి అయ్యుండాలి" అని ఒక వరస కింద గీత గీసుకున్నారట. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇంటికొచ్చి ఆ ఏడు చీటీలూ మా అమ్మాయికి చూపించాను. హైస్కూల్లో దానికీ ఈ ఏడాది అమెరికా చరిత్రే. అది మొత్తం చదివి ఒకటే అడిగింది. "మరి మనది ఏ సంవత్సరంలో పాస్ చేశారు నాన్నా?"

మనది అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ వారమే ఎవరింట్లోనో గృహప్రవేశానికి వెళ్తే, ఒక పెద్దాయన దాన్ని ఇంటిపేరు అడిగి, అది చాలక "ఏ ఊరు, మీ అమ్మగారి వైపు ఎవరు?" అని తిప్పి తిప్పి అడిగి, చివరికి తృప్తిగా "అయితే మనవాళ్ళే" అన్నారు. మనవాళ్ళేనా? పదమూడువేల కిలోమీటర్లు దాటొచ్చినా, గ్రీన్ కార్డు వచ్చినా, మన పార్టీల్లో ఈ ప్రశ్న మాత్రం పోలేదు. తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగైన కథ వెనక ఏముందో మనందరికీ తెలుసు, పైకి అనం.

మా అమ్మాయి ప్రశ్నకి నా దగ్గర చట్టం నంబరు లేదు. కానీ తేదీ లాంటిది ఒకటుంది. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి మన జన్యువుల మీద చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. వాళ్ళు తేల్చింది స్థూలంగా ఇదీ: సుమారు 4,200 ఏళ్ళ క్రితం నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు ఇక్కడి జనం విరివిగా కలిశారు, ఇవ్వాళ అగ్రకులమనుకునేవాళ్ళు, గిరిజనులు అందరిలోనూ ఆ కలయిక ఉంది. ఆ తర్వాత కలవడం దాదాపుగా ఆగిపోయింది. అంటే మనకీ ఒక 1691 ఉంది. కాగితం దొరకలేదు, నెత్తుట్లో దొరికింది.

1916లో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ విద్యార్థి ఒకాయన, మానవశాస్త్రం సెమినార్లో పేపరు చదువుతూ, కులానికి ప్రాణం అంటులోనో వృత్తిలోనో లేదు, బయటివాళ్ళని పెళ్ళి చేసుకోకూడదన్న నియమంలో ఉందన్నారు. ఆయన అంబేద్కర్. ఆ పేపర్ని వర్జీనియా చీటీల పక్కన పెట్టుకుని చదివి చూడండి. 1662 పుట్టుక సంగతి చూసుకుంటుంది, 1691 పెళ్ళి సంగతి చూసుకుంటుంది. ఈ రెండు తలుపులూ మూస్తే మిగతావి వాటంతటవే నిలబడతాయి. అంతకంటే ముందే, 1873లో, జోతిరావు ఫూలే తన "గులాంగిరి" పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. మనకి ఈ రెండు చరిత్రలూ పక్కపక్కన పెట్టి చూడటం కొత్తేమీ కాదు, మనం చూడటం మానేశాం అంతే.

ఇక్కడ "బానిసత్వం, కులం ఒకటేనా? అంగట్లో మనుషుల్ని అమ్మామా?" అంటారు. ఒకటని నేనూ అనను. మనుషుల్ని ఆస్తిగా రాసుకుని, అప్పుకి తాకట్టు పెట్టి, తల్లినీ బిడ్డనీ వేరేవేరు ఊళ్ళకి వేలం వేసిన వ్యవస్థ దానికదే. నేను చెప్పేది తయారయ్యే పద్ధతి గురించి. పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని, అనాదిగా ఉందనుకునేదాన్ని, మనుషులు ఒక అవసరం కొద్దీ ఒక్కో మేకూ కొట్టి ఎలా నిలబెడతారో వర్జీనియాలో కళ్ళారా చూడొచ్చు. "అనాదిగా" అన్న మాట ఎవరైనా వాడితే, ఆ క్లాసు తర్వాత నాకు వెంటనే "ఏ సంవత్సరం నుంచి?" అని అడగబుద్ధేస్తుంది.

"అవన్నీ తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ గొడవలు, మనకెందుకు?" అనేవాళ్ళకి ఇంకో కాగితం. 1790లో కొత్త దేశం తన మొదటి పౌరసత్వ చట్టం చేసుకుంది. అర్హత: స్వతంత్రుడైన తెల్లవాడై ఉండాలి. 1870లో ఆఫ్రికా సంతతివాళ్ళని చేర్చారు, మనం మధ్యలో మిగిలాం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ తిండ్ అనే పంజాబీ, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆయన తరఫు వాదన ఏమిటో తెలుసా? తను ఉన్నత కులస్థుడు, ఆర్య రక్తం, తన కులంవాళ్ళు కిందివాళ్ళని పెళ్ళి చేసుకోరు, మీరు నల్లవాళ్ళని ఎలా చూస్తారో మేం వాళ్ళనీ అలాగే చూస్తాం కాబట్టి మేమూ తెల్లవాళ్ళమే అని! 1923లో కోర్టు మొత్తం విని, మామూలు తెల్లవాడు నిన్ను తెల్లవాడనుకోడు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళలో చాలామందిది వెనక్కి లాక్కున్నారు. ఆ తలుపు 1946లో కొద్దిగా తెరుచుకుంది, ఏడాదికి వందమంది లెక్కన. 1952లో రంగు నిబంధన పోయింది. 1965లో దేశాలవారీ పాత కోటాలు పోయాయి. ఆ 1965 వెనక ఉన్న గాలి ఎవరు వీయించినదో, పౌరహక్కుల కోసం ఎవరు కుక్కల చేత కరిపించుకున్నారో, ఎవరు జైళ్ళకెళ్ళారో ఆ నర్సమ్మ గారి ముందు మనం మర్చిపోకూడదు. మనం మెరిట్ మీద వచ్చామనేది నిజమే. మెరిట్ చూడటానికి ముందు తలుపు తెరవాలి కదా.

ఇక వర్జీనియా పెళ్ళి చట్టం, మారుతూ మారుతూ, 1967లో సుప్రీంకోర్టు లవింగ్ కేసులో కొట్టేసేదాకా బతికింది. 276 ఏళ్ళు. రాసినవాళ్ళెవరో ఎవరికీ గుర్తులేదు, పాటించినవాళ్ళకి కారణం తెలీదు. అయినా నడిచింది. మన కంపెనీల్లో ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని పాత మాడ్యూలు ఒకటుంటుందే, అలా. కాకపోతే కాగితం మీద ఉంది కాబట్టి, ఫలానా చట్టం తప్పని ఫలానా రోజున కొట్టెయ్యగలిగారు. మన నియమం కాగితం మీద లేదు, పెళ్ళి సంబంధాల సైట్లో డ్రాప్‌డౌన్‌లో ఉంది. దాన్ని కొట్టెయ్యడానికి ఏ కోర్టుకీ వెళ్ళక్కర్లేదు, ఎవరింట్లో వాళ్ళు కొట్టెయ్యాలి. సియాటిల్ నగరం 2023లో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు మనవాళ్ళు రెండుగా చీలి తిట్టుకున్నారు. ఆ వాదనలో ఎటున్నా సరే, ముందు ఈ ఏడు చీటీలు చదివి రండంటాను.

చదవాలనుకునేవాళ్ళకి పెద్ద ఖర్చేం లేదు. "ది అమెరికన్ యాప్" అనే పాఠ్యపుస్తకం నెట్లో ఉచితం, ఓపెన్‌స్టాక్స్ వాళ్ళదీ ఉచితమే. వర్జీనియా చట్టాల అసలు పాఠాలు హెనింగ్ అనే ఆయన రెండొందల ఏళ్ళ క్రితమే పదమూడు సంపుటాల్లో అచ్చువేశాడు, అవీ నెట్లో దొరుకుతాయి. వీలైతే మాత్రం క్లాసుకే వెళ్ళండి. పుస్తకం ఇంట్లో చదువుకోవచ్చు, 1662 చీటీ తీసి పక్కన పెట్టే మనిషి పక్క కుర్చీలో ఉండరు. పిల్లలు హైస్కూల్లో ఉంటే వాళ్ళతో పాటు చదవండి. వాళ్ళు అడుగుతారు. "మనది ఏ సంవత్సరంలో?" అని కాకపోయినా, రేపు పెళ్ళి మాటొచ్చినప్పుడు "ఎందుకు కూడదు?" అని. అప్పుడు "అనాదిగా అంతే" అనడానికి నోరు రాకుండా ఉంటుంది. నాకైతే ఆ మూడు యూనిట్లకి ఇచ్చిన ఫీజు అక్కడే గిట్టుబాటైపోయింది.

1877 తర్వాత భాగం వచ్చే సెమిస్టర్లో. పేరిచ్చేశాను.